పోశి ఏమన్నది?

పోయిన నెల ఒక అమ్మాయి నా తప్పులు చెప్పడానికి మా ఇంటికి వచ్చింది. పేరు స్రవంతి. హసన్‌పర్తి దగ్గరి కాలేజీలో తెలుగు ఎమ్మే చదువుతోంది. నేను డిగ్రీ చదివే రోజుల్లో, పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లల కోసం రాసిన ‘మూగచెరువు’ అనే దయ్యాల నవల మీద సెమినార్ పేపరు రాస్తోందట. అందులో బలాలు ఒక భాగం, బలహీనతలు ఒక భాగం. ముందు బలాలు చెప్పమ్మా, గుండె గట్టిపడ్డాక మిగతావి వింటాను అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. ఫోను తెరిచి, అందులో రాసుకున్నవి చూసుకుంటూ, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా వరసగా చెప్పుకుపోయింది. భయం ఎక్కడి కోటల్లోంచో కాకుండా వంటింట్లోంచి, గిన్నె అడుగు మసిలోంచి మొదలవడం బాగుందట. రచయిత్రి పిల్లల మీద జాలిపడకపోవడం బాగుందట. ముగింపు మరీ బాగుందట. ఇక బలహీనతలు. మసిరాజు నోరు విప్పితే చర్చిలో ప్రసంగం విన్నట్టు ఉంటుందట. నడుమ మూడు అధ్యాయాలు నేల కింద దారులు తిరగడమే తప్ప కథ కదలదట. భైరవుడు అనే కుర్రవాడు దివిటీ పట్టుకొని రావడానికి తప్ప ఎందుకూ పనికిరాడట.

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా వాళ్లందరికీ తెలుసు. ఆ రోజు మాత్రం రాలేదు. రాకపోగా లోపల్లోపల ఒక గర్వం పొంగింది. ఎందుకంటే ఆ పిల్ల చెప్పినవన్నీ, ఒక్కటీ వదలకుండా, ఆమె తల్లి ఇంకా ఉయ్యాలలో ఉన్నప్పుడే హనుమకొండలో మా ఇంటి వరండాలో కూర్చుని ఒకామె చెప్పేసింది. ఆ మాటే అన్నాను. స్రవంతి చటుక్కున తలెత్తి, ఆ సమీక్ష ఏ పత్రికలో వచ్చింది మేడం అని అడిగింది. పత్రికలో రాలేదమ్మా, ఆమె మా అత్తమ్మ అన్నాను. ఆ పిల్ల ఫోనులో ఏం రాసుకోవాలో తెలియక ఆగిపోయింది. అప్పుడు చెప్పలేనంత పెద్ద సంగతి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మా ఇల్లు హనుమకొండలో మిషన్ కాంపౌండు వెనక సందులో ఉండేది. మా బాపు దవాఖానలో కంపౌండరు. ఆయన గుమ్మం దాటకముందే టింక్చర్ వాసన లోపలికి వచ్చేది. చొక్కా విప్పి కొయ్యకు తగిలించినా ఆ మూలను ఆ వాసన విడిచేది కాదు. అమ్మ ఆ మూల నుంచి ఉప్పు జాడీని, చింతపండు కుండను ఎప్పుడో దూరం జరిపేసింది. సాయంత్రమైతే ఇంట్లో సర్వపిండి వాసన. నువ్వులు, వెల్లుల్లి, కరివేపాకు, గిన్నె అడుగున ఎర్రగా కాలే బియ్యప్పిండి. ఆ గిన్నె తోమే వంతు నాది, కాబట్టి మసి అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. దీపాలు పెట్టే వేళకు పెద్ద చాప పరిచేవాళ్లం. ఇంట్లో అందరూ వంతులవారీగా బైబిలు వాక్యం చదవాలి, చదివినవాళ్లను అత్తమ్మ ఒకే ప్రశ్న అడిగేది, దీంట్ల నీకు ఏం దొరికింది అని. దేవుడు మంచివాడు అనే జవాబు ఆమె దగ్గర చెల్లేది కాదు. అది చదవకుండానే చెప్పొచ్చు కదా అనేది. చదివితేనే తెలిసేది ఏదో ఒకటి చెప్పాలి. ఒకసారి మా బాపు అంతటివాడు, రోజంతా సూదులు వేసి అలసిపోయి ఆ పాత జవాబే చెప్పబోతే, మళ్లీ చదువు తమ్మీ అంది. ఆయన మారుమాట్లాడకుండా మళ్లీ చదివాడు. తర్వాత నేను పెద్ద పెద్ద వాళ్ల దగ్గర సాహిత్యం చదువుకున్నాను గానీ, పుస్తకం ముందు అట్లా కూర్చోవడం ఆ చాప మీదే నేర్చుకున్నాను.

అత్తమ్మ అంటే మా బాపు అక్క, రత్నమ్మ. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త పోతే, అత్తవారు ఇంట్లో ఉండనివ్వక బయటికి పంపేశారు. కట్టుబట్టలతో తమ్ముడి ఇంటికి వచ్చింది. ఆమె అత్తగారి ఊరు రఘునాథపల్లి. ఆ ఊరి పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. ఇక్కడికి వచ్చాక చర్చి సంఘం వాళ్లు ఆమెకు పల్లెలు తిరిగి సువార్త చెప్పే పని ఇచ్చారు. తెల్ల చీర, నల్ల గొడుగు, భుజాన గుడ్డసంచి, చంకలో బొమ్మల చుట్ట. బొమ్మల చుట్ట అంటే బట్టకు అతికించిన పెద్ద పెద్ద రంగుల బొమ్మలు, క్యాలెండర్ కాగితాల్లా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ఒక్కో బొమ్మ తిప్పుతూ కథ చెప్పాలి. సెలవుల్లో నన్నూ వెంట తీసుకుపోయేది, నర్సంపేట దాకా బస్సులో పోయి అక్కణ్నుంచి నడిచేవాళ్లం. నాట్లు వేసి వచ్చిన ఆడవాళ్లు కాళ్లకు బురద ఆరకుండానే అరుగుల మీద కూర్చునేవారు. అత్తమ్మ బొమ్మ తిప్పే ముందు ఆగేది. ఎవరో ఒకరు, ఇగ ఏమాయె రత్నమ్మా అని అడిగేదాకా తిప్పేది కాదు. ఎవరూ అడగకపోతే అక్కడికి ఆపి చుట్ట కట్టేసేది. వద్దన్నవాళ్ల నోట్లో ముద్ద కుక్కితే ఎవరు తింటారు అని నాతో అనేది. నేను వాయిదాలుగా వచ్చే సీరియల్ నవల రాయడం ఎక్కడ నేర్చుకున్నారని చాలామంది అడిగారు. ఆ అరుగుల మీద నేర్చుకున్నాను.

గురువారం మధ్యాహ్నాలు ఆడవాళ్ల కూటం జరిగేది. అందులో సాక్ష్యాలు చెప్పాలి, అంటే ఎవరైనా లేచి, తాము ముందు ఎట్లా ఉండేవారో, తర్వాత ఎట్లా మారారో అందరి ముందు చెప్పుకోవాలి. మా వీధిలో శాంతమ్మ అని ఉండేది. ఆమె మారకముందు తోడికోడలితో ఎట్లా కొట్లాడిందో, ఎవరెవరిని ఏమేం తిట్టిందో ఎంత ఇష్టంగా చెప్పేదంటే, మేం పిల్లలం కిటికీ కింద చేరి ఆ తిట్లు నేర్చుకునేవాళ్లం. మారడం దగ్గరికి వచ్చేసరికి రెండు ముక్కల్లో ముగించి కూర్చునేది. ఒక గురువారం అత్తమ్మ ఉండబట్టలేక, “పాపం చాలు శాంతమ్మా, ఇగ మారుమనసు చెప్పు” అంది. కూటమంతా నవ్వింది. శాంతమ్మ నొచ్చుకుని రెండు వారాలు రాలేదు. నేనూ నవ్వాను, ఆ మాట ఒకనాడు నా పుస్తకం మీదికే వస్తుందని అప్పుడు నాకేం తెలుసు.

ఇక పుస్తకం సంగతి. ఆ రోజుల్లో చౌరస్తాలో అద్దె పుస్తకాల షాపు ఉండేది. మా డిగ్రీ కాలేజీలో నాతో చదివే సరోజన, నర్సంపేట దగ్గర పత్తి పండించే రైతు బిడ్డ, మా సందులోనే గది తీసుకుని ఉండేది. ఆమె తెచ్చిన మంత్రగాళ్ల నవలలు నేను చదివేదాన్ని, పాఠ్యపుస్తకం కింద పెట్టుకుని. చదివి చదివి నాకు విసుగొచ్చింది. అన్నిటిలోనూ కష్టాలు పడేది, గెలిచేది మగవాళ్లే. ఆడపిల్లలు స్పృహ తప్పి పడిపోవడానికే ఉండేవారు. ఇంతకంటే నేను బాగా రాయగలనని సరోజనతో అన్నాను. రాయి మరి, ఎవరు వద్దన్నారు అంది. అట్లా పౌరుషానికి పోయి మొదలుపెట్టాను. ఎండిన చెరువు కింద మసిరాజు అనేవాడు ఉంటాడు. ఏడ్చేవాళ్ల గొంతు లాక్కుని కుండల్లో దాచుకుంటాడు. నీల అనే పిల్ల, మూగదైపోయిన తన అక్క గొంతు తెచ్చుకోవడానికి చెరువు కిందికి దిగుతుంది. లోపలికి వెళ్లాలంటే గుమ్మం దగ్గర ఇంకొకరి పేరు అప్పగించాలి. నీల తన నేస్తం పోశి పేరు చెబుతుంది. ఆ క్షణాన ఊళ్లో పోశి మూగదైపోతుంది. అక్కడి నుంచి నీల ఎంత లోపలికి పోతే అంత చెడ్డదవుతూ పోతుంది. చివరికి మసిరాజును చంపుతుంది, కుండలు పగులుతాయి, అందరి గొంతులూ తిరిగి వస్తాయి, వాన పడుతుంది, భైరవుడితో నీలకు పెళ్లి. ఇదీ నేను మొదట రాసిన కథ. హైదరాబాదు వారపత్రిక ఒకటి కాలేజీ పిల్లల రచనలు పంపమని ప్రకటన వేస్తే నేను రెండు అధ్యాయాలు పంపాను. బాగున్నాయి, మొత్తం పంపండి, కానీ ఇంట్లో పెద్దల సంతకం కావాలి అని వాళ్లు రాశారు.

సంతకం కోసం బాపు దగ్గరికి పోక తప్పలేదు. ఆయన నెమ్మదైన మనిషి, ఎవరినీ గట్టిగా అనేవాడు కాదు. మొదటి పుటలు చదివి కాగితాలు తనకు దూరంగా జరిపాడు. ప్రార్థన చేసే ఇంట్లో దయ్యాన్ని కూర్చోబెడతావా అన్నాడు. నేను ఏడవలేదు, వాదించాను. వాదన ముదిరాక ఆయన తన బరువు దించుకునే దారి వెతుక్కున్నాడు. “నాకు తెల్వదు బిడ్డా. మీ అత్తమ్మ సరే అంటె సంతకం చేస్త. లేకుంటె పొయ్యిలకే” అన్నాడు. ఆయన అన్నాడంటే చేస్తాడు. దయ్యాలను వెళ్లగొట్టిన ప్రభువు కథలు చెబుతూ పల్లెలు తిరిగే మనిషి చేతిలో నా దయ్యాన్ని పెట్టాడన్నమాట. ఇక అయిపోయిందనుకున్నాను. నా దగ్గర ఇంకో ప్రతి కూడా లేదు.

అత్తమ్మ కాగితాలు చేతిలోకి తీసుకోలేదు. చాప మీద కాదు, శనివారం వరండాలో చదువు, వింటాను అంది. శనివారం ఆమె ఊళ్లకు పోయేది కాదు, చినిగిన బొమ్మలు బాగుచేసుకునేది. మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి, ఆ జిగురును వేలితో రాస్తూ బట్ట మీద అతికించేది. అట్లా వారానికి ఒకటో రెండో అధ్యాయాలు నేను చదవడం, ఆమె అతికిస్తూ వినడం. అమ్మ తలుపు వెనక కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరేది. మా ఇంటి బియ్యంలో అన్ని రాళ్లు అంతకుముందు ఎప్పుడూ లేవు. మొదటి శనివారం, గిన్నె అడుగు మసి మీద ఎవరో లోపలి నుంచి వేలితో గీసినట్టు గీతలు కనబడే చోటు చదివాను. అత్తమ్మ చేయి ఆగింది. “భయపెడుతాంది” అంది. తప్పా అని అడిగాను. “తప్పెందుకైతది? మంచిగనే భయపెడుతాంది. ఇగ ఏమాయె?” అంది. ఇగ ఏమాయె! పల్లెల్లో ఆ మాట కోసం ఆమె బొమ్మల చుట్ట పట్టుకుని ఎదురుచూడటం చూసినదాన్ని. ఆ మాట నేను ఆమె నోట రప్పించాను. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు, సంతోషంతో.

అయితే ఆమె మెచ్చుకున్నంత సేపూ పట్టేది కాదు, తప్పు పట్టడానికి. భైరవుణ్ని రెండో శనివారమే తీసిపారేసింది. వీడెందుకు వస్తాండు, దివిటీ ఆ పిల్లకే ఇస్తే సరిపోదా అంది. నేల కింద దారుల అధ్యాయాలు వింటూ వింటూ మూడోదాని నడుమ గొంతెత్తి అమ్మను చాయ్ పెట్టమంది. నాకు అర్థమైంది. కొన్ని తప్పులు ఆమె కంటే ముందు సరోజన పట్టుకుంది. నా ఊళ్లో జనం భయమేసినప్పుడల్లా మోకాళ్ల మీద కూర్చుని కళ్లు మూసుకునేవారు. మసిరాజు మంటల్లోంచి లేచినా అంతే, పాము బుసకొట్టినా అంతే. సరోజన గదిలో పడీపడీ నవ్వింది. “భయమైతే ఎవలన్న కండ్లు మూసుకుంటరానే? కండ్లు పెద్దగ చేసుకొని ఉరుకుతరు. మీ ఇంట్ల ఆపదొస్తె కండ్లు మూస్తరని ఊరంత మూస్తదా?” అంది. నిజమే. మా ఇంట్లో జ్వరం వచ్చినా, పిడుగు పడినా ముందు కళ్లు మూసుకునేవాళ్లం. మనుషులందరూ అంతే అనుకుని పద్దెనిమిదేళ్లు పెరిగాను. మసిరాజు మాటలకు కూడా ఆమె అట్లాగే నవ్వింది. నా చెవిలో పెద్ద మాటలంటే వాక్యపు తెలుగే. “ఓ చిన్నదానా, నీ కంఠము నాకిమ్ము, ఏలయనగా అది నాదైయున్నది” అంటాడు వాడు. అత్తమ్మ ఆ మాటలకు పెదవి బిగించింది. మన పాస్టరయ్య లెక్క మాట్లాడుతాండు, వేరే రకంగ మాట్లాడిపియ్యి అంది. కళ్లు మూసుకోవడాలన్నీ కొట్టేసి జనాన్ని ఉరికించాను. మసిరాజు భాష మాత్రం మార్చలేకపోయాను. ప్రయత్నించాను, మారిస్తే వాడు ఉత్త దొంగవాడిలా మిగిలాడు.

చివరి అధ్యాయం చదివిన శనివారం నాకు బాగా గుర్తు. కుండలు పగిలాయి, వాన పడింది, పెళ్లి బాజాలు మోగాయి. నేను చదవడం ఆపి తల పైకెత్తాను. తలుపు వెనక అమ్మ ముక్కు ఎగబీల్చింది. అత్తమ్మ వేలికి ఆరిన జిగురు పొలుసులా ఊడదీసుకుంది. తర్వాత అడిగింది.

“పోశి ఏమన్నది?”

పోశి కూడా పెళ్లికి వచ్చింది, అందరితో కలిసి పాట పాడింది, చివర రాశాను కదా అన్నాను.

“పాట సంగతి కాదు బిడ్డా. గొంతు పోయింది. పోగొట్టింది ఆ నీలనే. మల్ల గొంతు వచ్చింది. వచ్చినంక మొదలు నీలతోని ఏమన్నది?”

నేను ఆ సంగతే ఆలోచించలేదు. పన్నెండు అధ్యాయాలు నీల చెడ్డపనులు ఒళ్లు జలదరించేటట్టు రాసి, వాటి బాకీ తీర్చుకోవలసిన పిల్లను పెళ్లి గుంపులో నిలబెట్టి పాట పాడించాను. అత్తమ్మ నవ్వకుండా అంది, నువ్వు కూడ శాంతమ్మ తీరే చేసినవ్, పాపం మస్తుగ చెప్పినవ్, ఆ తర్వాతది చెప్పబుద్ధి కాలే అని. ఎంతగానో సిగ్గేసింది. చీకట్లోకి పోయే కథలు రాసేవాళ్లందరికీ ఉండే జబ్బు అదేనని ఇప్పుడు చెప్పగలను. చీకటి రాస్తుంటే చేయి దానంతటదే పరుగెత్తుతుంది. బయటికి తెచ్చే దారి రాయాలంటే కూర్చుని ఆలోచించాలి.

కూర్చుని ఆలోచించాను. నీల పోశి ఇంటికి పోయి తప్పు ఒప్పుకుంటుంది. పోశి మొదట ఒకే ప్రశ్న అడుగుతుంది, ఊళ్లో ఇంతమంది ఉండగా నా పేరే ఎందుకు చెప్పావు అని. నీల జవాబు చెప్పలేకపోతుంది. పోశి తలుపు వేసుకుంటుంది. గొంతు తిరిగి వచ్చాక ఊరందరితో మాట్లాడుతుంది, పాడుతుంది, నీలతో మాత్రం మాట్లాడదు. పెళ్లి కొట్టేశాను. అక్కడితో నవల అయిపోతుంది. మళ్లీ శనివారం వినిపించాను. ప్రశ్న దాకా అత్తమ్మ తల ఊపుతూనే ఉంది. తలుపు వేసుకోవడం దగ్గర ఊపడం ఆపింది. అది తప్పు అంది. నీల తప్పు ఒప్పుకుంది, ఇక పోశి మన్నించాలి, లేకపోతే చదివే పిల్లలు ఏం నేర్చుకుంటారు అంది. పొయ్యి మాట ఆమె ఎత్తలేదు గానీ నాకు వంటింటి పొగ అప్పుడే ముక్కుకు తగిలినట్టయింది. ఒప్పేసుకుంటే అయిపోయేది. రెండు వాక్యాల పని. బాపు సంతకం పెట్టేవాడు, వారపత్రికలో నా పేరు వచ్చేది. కానీ ఆ రెండు వాక్యాలు నేను అంతకుముందే రాసి చూసి ఉన్నాను.

“పోశి మన్నించదు అత్తమ్మా. మూడుసార్లు రాసి చూసిన. ఆ మాట ఆమె నోట్లకెల్లి వస్తలేదు” అన్నాను.

ఎందుకు రాదు అని ఆమె పట్టుబట్టింది. రాయించేది నువ్వే కదా అంది. అప్పుడు నేను అడిగాను. “నువ్వు అన్ని ఊర్లకు పోతవు. రఘునాథపల్లికి ఎందుకు పోవు?”

ఆమె అత్తగారి ఊరి పేరు వినగానే తలుపు వెనక చేటలో బియ్యం చప్పుడు ఆగిపోయింది. అత్తమ్మ అతికిస్తున్న బొమ్మను అట్లాగే వదిలేసి, చేతులు కడుక్కుని లోపలికి పోయింది. ఆ సాయంత్రం చాప మీద ఆమె ప్రశ్న అడగలేదు. మా అందరికీ ఏం దొరికిందో ఎవరూ చెప్పకుండానే ప్రార్థన ముగిసింది. బాపుకు అమ్మ చెప్పినట్టుంది, ఆయన నా ముఖం చూడలేదు. వారమంతా అత్తమ్మ పొద్దున్నే గొడుగు తీసుకుని ఊళ్లకు పోయింది, పొద్దుగూకే వేళకు వచ్చింది, పెట్టింది తిన్నది. నాతో మాట్లాడింది, కానీ ఉప్పు అందుకో, నీళ్లు తోడు, అంతవరకే. ఆ ప్రశ్న అడిగినందుకు నేను బాధపడ్డానా అంటే బాధపడ్డాను. తప్పు చేశానని మాత్రం అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. ఏం దొరికిందో చదివి నిజం చెప్పమని నేర్పింది ఆమే.

మళ్లీ శనివారం వచ్చింది. జిగురు ఉడికించింది. వరండాలో కూర్చుంది. నన్ను పిలిచి, పోశి తలుపేసుకునే కాడ మల్ల చదువు అంది. చదివాను. చేతులు ఒళ్లో పెట్టుకుని వింది, ఆ రోజు ఏమీ అతికించలేదు. అయిపోయాక అడిగింది, ఆ తలుపు ఎన్నడన్నా తెరుస్తుందా అని. నాకు తెలియదు అన్నాను.

“రాయకు. తెరుస్తదో తెరవదో అది ఆమెకు ఇడిసిపెట్టు. గట్లనే ఉండనియ్యి, నీళ్లు కలుపకు” అంది. తర్వాత లోపలికి వినబడేలా, “తమ్మీ, పిల్లకు సంతకం చేసియ్యి” అని కేక వేసింది. బాపు వచ్చి, నా వైపు చూసి, ఆమె వైపు చూసి, ఏమీ అడగకుండా సంతకం చేశాడు. ఆమె తర్వాత ఎప్పుడైనా రఘునాథపల్లి పోయిందా అని మీరు అడగవచ్చు. పోలేదు. కథల్లో మాదిరి మనుషులు మారిపోరు.

నవల వారపత్రికలో వచ్చింది. సరోజన మా సందు చివర పేపరువాడి కోసం నా కంటే ముందు కాపు కాసేది. బొమ్మలో మసిరాజుకు కోరలు పెట్టారు, నేను పెట్టలేదు. నేను దిద్దలేకపోయిన వాడి భాషే పిల్లలకు అన్నిటికంటే నచ్చింది. మా వీధి పిల్లలు ఒకరి గొంతు ఒకరు పట్టుకుని, కంఠము నాకిమ్ము అంటూ తిరిగేవారు. దారుల అధ్యాయాలు ఎవరూ చదివినట్టు లేరు, వాటి గురించి ఒక్కరూ అడగలేదు. కాబట్టి స్రవంతి పేపరులో ఆ దారుల సంగతి బలహీనతల్లో సరైన చోటే ఉందని ఒప్పుకుంటాను, భైరవుడి సంగతి కూడా. ఆ మూర్ఖుణ్ని పూర్తిగా తీసేయవలసింది. ఇప్పటి చదువరులు నన్ను ఎప్పుడూ చూడకుండానే ఫోనులో చుక్కల రేటింగు పెట్టి తీర్పు చెబుతారు, సూపర్ అనో బోర్ అనో ఒక్క ముక్కలో. అప్పుడు మా ఇంట్లో ఒక అధ్యాయానికి ఒక మధ్యాహ్నం పట్టేది. అట్లాగని అప్పుడంతా బాగుంది, ఇప్పుడంతా పాడైంది అనను. ముక్కూ ముఖం తెలియని పిల్ల బస్సెక్కి వచ్చి, రాసిన మనిషి ముఖం మీదే తప్పులు చెప్పి, చల్లారిన టీ తాగి పోయింది. నా కాలంలో ఆ ధైర్యం మా అత్తమ్మ ఒక్కదానికే ఉండేది.

సీరియల్ అయిపోయిన ఆదివారం ఆరాధన ముగిశాక ప్రకటనల వేళ సంఘపెద్ద ఒకాయన లేచాడు. పేరు చెప్పకుండా, మన సంఘంలోని ఒక ఇంటి నుంచి పత్రికలకు దయ్యాల కథలు పోతున్నాయని, పల్లెల్లో వాక్యం చెప్పే ఇంటికి ఇది తగునా అని అన్నాడు. అందరి తలలూ మా వైపు తిరిగాయి. మగవాళ్ల వైపు బాపు పాటల పుస్తకం మూసి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఆడవాళ్ల వైపు చాప మీద నేను తల దించుకున్నాను. అత్తమ్మ పని పోతుందేమో అన్న భయం ఒక్కటే నాకు. ఆ పని తప్ప ఆమెకు వేరే బతుకు లేదు. పక్కన చీర కుచ్చిళ్లు సర్దుకున్న చప్పుడైంది. అత్తమ్మ లేచి నిలబడింది, గురువారాల్లో సాక్ష్యం చెప్పడానికి లేచినట్టే.

“రాసింది మా మేనకోడలు పిల్ల కరుణ. పేరు చెప్పుటానికి భయమెందుకు? అందరికంటె ముందు విన్నది నేను. దాంట్ల తప్పులున్నయి, పట్టింది కూడ నేనే. కొన్ని దిద్దింది, కొన్ని దానితోని కాలే. ఒక్కటి మాత్రం నేను తప్పన్న, దిద్దుమన్న. దిద్దలే. అది తప్పు కాదు, నాకే తెల్వలే. ఇగ ఇక్కడ చదివినోళ్లు ఎవరన్న ఉంటె లేచి మాట్లాడున్రి.”

ఎవరూ లేవలేదు. సంఘపెద్ద కూర్చున్నాడు. అత్తమ్మ కూడా కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంది. తర్వాత శాలువాలు కప్పించుకోవడానికి నేను చాలా వేదికలెక్కాను. ఆ రోజు చాప మీద కూర్చున్నంత ఎత్తులో మళ్లీ ఎక్కడా లేను.